సంగటి, సెల్‌ఫోను, అత్తగారు

తిరుపతి బైరాగిపట్టెడలో మా కిటికీకీ పక్కింటి వంటింటి కిటికీకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. వాళ్ల మాటలు వినాలని నేనేమీ అనుకోలేదు. కుర్చీ మాత్రం కొంచెం అటు జరుపుకున్నాను.

ఆవిడ రాగి సంగటి కెలుకుతుంటే ఆయన వీడియో తీస్తున్నారు. ఫోను మోగింది. వీడియో ఆగింది.

ఆయన: ఛ! ముందు ఈ అంతరాయాన్ని వదిలించుకోవాలి.

ఆవిడ: ఎవరు చేశారు?

ఆయన: మీ అమ్మ.

ఆవిడ: అంటే మా అమ్మ అంతరాయమా?

ఆయన: పేరు చూడకముందే అన్నాను కదా!

ఆవిడ: చూడకుండానే మా అమ్మని తెలిసిపోయిందన్నమాట.

ఆయన: ఇదిగో, 'డిస్టర్బ్ చేయవద్దు' పెట్టాను. ఇక మోగదు. కెలుకు.

ఆవిడ: ఉండలు కడితే మీదే పూచీ.

(మళ్లీ మోత.)

ఆవిడ: మోగదన్నారు?

ఆయన: మొదటిసారి మోగలేదు. 15 నిమిషాల్లోపు అదే మనిషి మళ్లీ చేస్తే, ఏదో అవసరం కాబోలని ఫోను మోగనిస్తుంది.

ఆవిడ: చూశారా! ఫోనుకున్న మర్యాద అల్లుడికి లేదు.

ఆయన: అది కూడా తీసేయవచ్చు. సెట్టింగుల్లో ఒక్క నొక్కు.

ఆవిడ: నొక్కండి. పెళ్లిలో మీ కాళ్లు కడగడానికి నీళ్లు పోసిన మనిషిని ఒక్క నొక్కుతో తీసేయండి.

ఆయన: జాతరకు ఎప్పుడు రావాలని అడగడానికే ఇదంతా! నిన్న చెప్పాను, పొద్దున చెప్పాను.

ఆవిడ: గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు అమ్మవారినే తిడతారు, అది మొక్కు. మా అమ్మను అనాలంటే మీరూ బండ వేషం కట్టుకుని రండి. ఉత్త లుంగీతో అంటే ఊరుకోను.

(ఇక్కడ నేను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.)

ఆయన: సరే తల్లీ. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. వైఫై కూడా ఆపాను, లేకపోతే ఆవిడ వాట్సాప్‌లో వస్తుంది.

ఆవిడ: ఫోనులో చోటుందా? మొన్న సగంలో నిండిపోయింది.

ఆయన: మీ అమ్మ పంపిన శుభోదయాలన్నీ తీసేశాను.

ఆవిడ: అవి కూడా అంతరాయాలే!

ఆయన: కెలుకు!

తెడ్డు తిరిగింది. సంగటి ముద్దకు వచ్చే సమయానికి ఫోను గణగణ మోగింది.

ఆవిడ: ఇప్పుడెవరు?

ఆయన: అలారం. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా అది ఆగదు. నా బీపీ మాత్ర కోసం నువ్వు పెట్టిందే.

ఆవిడ: పెట్టకపోతే ఏనాడైనా వేసుకున్నారా? రండి, వేడి మీదే ముద్ద చేసి పెడతాను. తిని మాత్ర వేసుకోండి.

ఆయన: మరి వీడియో?

ఆవిడ: ముందు ఆ ఏరోప్లేన్‌ను కిందికి దించండి. అమ్మ ఇంకా చేస్తూనే ఉంటుంది.