ఒంట్లోని ఆర్ఎన్ఏను పసరు కడగలేదు

మిర్యాలగూడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఆర్ఎన్ఏ అంటే వైరస్ విషం. పరగడుపున పసరు తాగితే అదంతా కడుక్కుపోయి హెపటైటిస్-సి నయమైతది, గోలీలు వద్దు" అని. హెపటైటిస్-సి అంటే కాలేయాన్ని పాడుచేసే వైరస్ జబ్బు. మా వాడకట్టులో ఒకాయన ఇది చదివి గోలీలు ఆపేశాడు. కాలేజీలో జువాలజీ చెప్తాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ఆర్ఎన్ఏ విషం కాదు, జన్యు సమాచారాన్ని మోసే పోగులాంటి అణువు. మన కణాల్లో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో ఎక్కువ భాగం ఆర్ఎన్ఏనే. నిజంగా దాన్ని కడిగేస్తే వైరస్ కన్నా ముందు మనమే పోతాం.

"వైరస్ ఆర్ఎన్ఏ ఒక్కటే పోతది" అని గ్రూపులో ఒకరు వాదించారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. హెపటైటిస్-సి వైరస్ ఆర్ఎన్ఏ సుమారు 9,600 అక్షరాల (అంటే రసాయన ముక్కల) పోగు. కాలేయ కణంలో చేరి మన రైబోజోమ్‌ల చేతే తన ప్రొటీన్లు చేయించుకుంటుంది. మా ఊరి రైస్ మిల్లు వడ్లు ఎవరివని అడగదు, పోసినవి ఆడిస్తుంది. రైబోజోమూ అంతే. ఇంకా ఉంది. కాలేయంలో మిర్-122 అనే బుల్లి ఆర్ఎన్ఏ ఉంటుంది. ఇలాంటివి మామూలుగా ఎంఆర్ఎన్ఏలను, అంటే ప్రొటీన్ల తయారీకి సూచనలు మోసే ఆర్ఎన్ఏలను, అణిచిపెడతాయి. ఈ వైరస్ మాత్రం దాన్ని తన ఆర్ఎన్ఏ మొదట్లో రెండుచోట్ల అతికించుకుంటుంది. దాంతో కొస నుంచి కొరుక్కొచ్చే మన ఎంజైములకు ఆ కొస దొరకదు. 2005లో ఈ సంబంధం బయటపడింది. హెచ్ఐవీ కూడా మన టీఆర్ఎన్ఏను (ప్రొటీన్ల తయారీకి ముడిసరుకు మోసే ఆర్ఎన్ఏను) పట్టుకునే తన డీఎన్ఏ రాత మొదలుపెడుతుంది. ఫ్లూ వైరస్ మన ఎంఆర్ఎన్ఏల తలలు కోసి తనవాటికి తగిలించుకుంటుంది. ఇంతగా మనలో అల్లుకున్నదాన్ని పసరు ఏరి తీసేది ఎట్లా?

గోలీ ఏరగలదు. వైరస్ తన ఆర్ఎన్ఏకు నకళ్లు తీసే ఎంజైము దాని సొంతం, మన కణాల్లో లేదు. సోఫోస్బువిర్ అనే గోలీ సరిగ్గా దాన్నే ఆపుతుంది. మరో మందుతో కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతోంది.

"మా మేనమామకు పసరుతోనే కామెర్లు తగ్గినయ్" అంటారు. తగ్గి ఉండొచ్చు. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఏ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. రక్తం ద్వారా వచ్చే సి వేరు. చాలామందికి కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి కాలేయం గట్టిపడి పాడయ్యేలా చేస్తుంది.

మా వాడకట్టు ఆయన అడిగిందీ అదే: "కండ్లు తెల్లగనే ఉన్నయ్ గద మేడం, ఇంకెందుకు గోలీలు?" 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద సర్కారు దవాఖానల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. మొన్న ఆయన్ని నల్లగొండకు తోలుకపోయాం. వైరల్ లోడ్ పరీక్షకు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్షకు, రక్తమిచ్చి వచ్చాడు.