భూమ్యాకర్షణ మీద ప్రజావాణిలో అర్జీ

మహబూబ్‌నగర్ బస్టాండు ఎదుట కొత్తగా ఒక ఫ్లెక్సీ వెలిసింది. పుట్టినరోజు శుభాకాంక్షలు అందుకుంటున్న నాయకుల వరుసలోనే, వాళ్లకంటే కాస్త ఎక్కువగా నవ్వుతూ ఒక అమ్మాయి. ఏ దేశపు పిల్లో గానీ, పాలమూరు ఎండ ఆమెను ఎన్నడూ తాకలేదని మాత్రం రూఢి. పక్కన పసుపు అక్షరాలు: "పిల్లలకు పాలిచ్చి వక్షోజాలు జారిపోయాయా? బ్రెస్ట్ లిఫ్ట్! ఒక్క రోజులో ఇంటికి. ఈఎంఐ కలదు." ఆసుపత్రి హైదరాబాదుది. పేరెందుకు లెండి, ఊరికే ప్రచారం చేసిపెట్టే ఓపిక నాకు లేదు.

ఫ్లెక్సీ కింద మిర్చి బజ్జీలు తింటున్న మగవాళ్లంతా ఈ ప్రజాసమస్య మీద లోతుగా ఆలోచిస్తున్నారు. బొజ్జ బండి ట్యాంకు మీద ఆనించి కూర్చున్న ఒకాయన అయితే రెప్ప వేయకుండా రెండుసార్లు చదివాడు. ఆయనలో జారినవాటి గురించి ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

సమస్య ఇంత తీవ్రమని తెలిశాక ఊరుకోవడం పౌరురాలిగా నాకు తగదు. సోమవారం కలెక్టరాఫీసులో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టాల్సిందే. "అయ్యా, భూమ్యాకర్షణ వలన జిల్లా మహిళలకు తీరని నష్టం జరుగుచున్నది, లిఫ్ట్ మంజూరు చేయగలరు." లిఫ్ట్ అన్న మాట కనబడగానే గుమస్తా దాన్ని నీటిపారుదల శాఖకు రాసేస్తాడు. అక్కడ డీఈ సారు కళ్లద్దాలు సర్దుకుంటాడు.

"ఎన్ని మీటర్లు ఎత్తాలమ్మా? పంపులెన్ని? భూసేకరణ అయిందా?"

"మూడు గంటల్లో అయిపోతదంట సారూ."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడతాడు. లేవడా మరి! పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో కరివెన దగ్గర శంకుస్థాపన చేశారు. నార్లాపూర్, ఏదుల, వట్టెం అని రిజర్వాయర్ల పేర్లు మా పిల్లలకు ఎక్కాల్లా నోటికొచ్చాయి, పొలాలకు నీళ్లు మాత్రం ఇంకా రావాలి.

"మూడు గంటలా! కాంట్రాక్టరు ఎవరు?"

"ఎవరైతేంది సారూ, వయసు ఆగదు గదా, కొన్నేండ్లకు మల్ల జారుతయంట."

"అట్లనా! అంటే రివైజ్డ్ ఎస్టిమేటు ఉందన్నమాట." సారు ముఖం వెలిగిపోతుంది. ఫైలు కదులుతుంది.

ఫ్లెక్సీలో చోటు చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మత్తిచ్చి, మిగులు చర్మం కోసి, చనుమొనను పైకి జరిపి కుడతారు. జారుడు ఎక్కువైతే కోత చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి, రొమ్ము కింది మడత పొడవునా పోతుంది. ఆ మచ్చలు పలచబడతాయే తప్ప పూర్తిగా పోవు. స్పర్శ తగ్గవచ్చు. తర్వాత కాన్పయితే పాలు సరిగా రాకపోవచ్చు. ఒక్క రోజులో ఇంటికే, కాదనను. వచ్చాక కొన్ని వారాలు బరువులెత్తకూడదు. నీళ్ల బిందె ఎత్తకూడదు, చంటిదాన్ని ఎత్తుకోకూడదు. అందం కోసం చేయించుకుంటే ఆరోగ్యశ్రీ రాదు. అన్నీ తెలిసి, తన డబ్బుతో, తన ఇష్టంతో చేయించుకునే ఆడమనిషితో నాకు పేచీ లేదు. అది ఆమె ఒళ్లు.

క్రీములు, నూనెలు అమ్మేవాళ్ల సంగతి మరీ చోద్యం. రొమ్ములో బిగించడానికి కండరమే లేదు, ఇక నూనె దేన్ని బిగిస్తుందో! స్త్రీల రొమ్ముల ఆకృతిని మందుతో మారుస్తామని ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి చట్టంలోనే ఉంది, మధుమేహం, కేన్సర్ ఉన్న జాబితాలోనే.

నా కడుపు మండేది ఫ్లెక్సీలో మొదటి వాక్యానికి. పాలిచ్చి జారిపోయాయని ఎవడు చెప్పాడు? కెంటకీ విశ్వవిద్యాలయం ప్లాస్టిక్ సర్జన్లు తమ దగ్గరికి వచ్చిన ఆడవాళ్లనే పరిశీలించి 2008లో ప్రచురించారు: వయసు, బరువు, ఎన్ని కాన్పులు, పొగతాగడం, ఇవీ కారణాలు. పాలివ్వడం కాదు. కత్తి పట్టేవాళ్లకు తెలిసిన ముక్క ఫ్లెక్సీ రాయించినవాడికి తెలియదా? తెలిసే రాయించాడు! తల్లి చేసే పనిని తప్పు చేసి చూపించి, ఆ తప్పు దిద్దడానికి ఈఎంఐ పెట్టాడు. సిగ్గులేని వ్యాపారం.

మా వీధిలో ఒక బాలింత ఉంది, రెండు నెలల బిడ్డ. మొన్న గడపలో కూర్చుని మెల్లగా అడిగింది: "అక్కా, డబ్బా పాలు పడితే జారవంట గదా?" పక్కన అప్పుడే మూత తీసిన పాలపొడి డబ్బా. లోపల చెంచా కూడా ఇంకా సగం పొడిలో కూరుకునే ఉంది. ఎవరు చెప్పారే అంటే ఫోన్ చూపించింది. అదే పసుపు అక్షరాల ప్రకటన. పంపినవాడు మొగుడు, ముంబైలో సైటు పని. కాన్పుకు రావడానికి వాడికి సెలవు దొరకలేదు, ఇది పంపడానికి సిగ్నల్ దొరికింది.