చచ్చినోడికి డబ్బులెందుకు?

మా బావమరిదికి ఈ మధ్య పట్టిన పిచ్చి ఏమిటంటే, ఎవరూ పెద్దగా వినని హిప్ హాప్ ఆల్బమ్‌లు వెతికి పట్టుకుని, మొదటి ట్రాకు నుంచి ఆఖరి ట్రాకు దాకా ఒక్కటీ దాటెయ్యకుండా వినడం. అందరికీ తెలిసిన ర్యాపర్ పేరెత్తితే మొహం అదోలా పెడతాడు. డాక్టర్ ఆక్టగాన్ విన్నావా బావా అంటాడు. 1996లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో కూల్ కీత్ అనే ర్యాపరు గురుగ్రహం నుంచి దిగిన సర్జన్ వేషం కట్టాడు. అది కాకపోతే డెల్ట్రాన్ 3030 అంటాడు. 2000లో వచ్చింది, కథ జరిగేది మాత్రం 3030లో. భోజనాల దగ్గర ఇవన్నీ చెబుతుంటే మా అత్తగారు "గురుడి నుంచొచ్చిన డాక్టరైతే ఫీజు గట్టిగానే లాగుతాడు" అంటూ చారు వడ్డించేస్తారు.

ఆ ఆదివారం విజయనగరంలో అత్తవారింట్లో పనసపొట్టు కార్యక్రమం. కొట్టిన పొట్టు బజార్లో దొరుకుతుంది కదా అంటే ఆవిడ ఒప్పుకోరు. చేతులకి, కత్తికి నూనె రాసుకుని, కింద పాత పేపర్లు పరిచి, కాయకి తొక్క చెక్కి కొడుతుంటే, ఎంత నూనె రాసినా ఆ జిగురు వేళ్ళ సందుల్లోకి దిగి కూర్చుంటుంది. ఆ చేత్తో ఫోను ముట్టుకుంటే ఫోనూ చెయ్యీ ఒకటైపోతాయి. అందుకని మావాడు ముందే పాట పెట్టేశాడు. పాటల యాప్‌లో వాడి ప్లాను నెల అయిపోయిందట, నా ఫోను లాక్కున్నాడు. నాది డబ్బులు కట్టని బాపతు. సౌండు బాగుంటుందని దాన్ని ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టి, ప్లే నొక్కి, వెళ్ళి నూనె రాసుకుని కూర్చున్నాడు.

ఆ రోజు ఆల్బమ్ ప్రిన్స్ పాల్ అనే ప్రొడ్యూసరు 1999లో తీసిన 'ఎ ప్రిన్స్ అమాంగ్ థీవ్స్'. పాటల మధ్య స్కిట్లు, అంటే చిన్న చిన్న మాటల సీన్లు పెట్టడం 1989లో డీ లా సోల్ అనే ర్యాప్ గ్రూపు మొదటి ఆల్బమ్‌తో బాగా అలవాటు చేసింది ఈయనే. ఈ ఆల్బమ్ అయితే మొత్తం ఒకే కథ. తారిక్ అనే కుర్రాడికి డెమో టేపు పూర్తి చెయ్యడానికి డబ్బులు కావాలి, దాని కోసం స్నేహితుడు వాణ్ణి మత్తుమందుల వ్యాపారంలోకి దింపుతాడు. "అమ్మా, ఇది మన హరికథ లాంటిదే" అన్నాడు వీడు. విజయనగరంలో ఆ మాట అనకూడదు. 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. "దాసుగారు ఒక్కరే అన్ని వేషాలూ కట్టీసేవోరట. మీవోడికి ఎంతమంది కావాలేటి?" అన్నారు అత్తగారు. చాలామందే ఉన్నారు. ఆయుధాలమ్మేవాడిగా మళ్ళీ ఆ కూల్ కీతే, లంచగొండి పోలీసుగా ఎవర్‌లాస్ట్ అనే ఇంకో ర్యాపరు.

సరే, మావాడు లైను లైనుకీ తెలుగు చెబుతున్నాడు. రెండో ట్రాకులోనో మూడో ట్రాకులోనో తుపాకీ పేలింది, తారిక్ పడిపోయాడు. తర్వాతి ట్రాకులో లేచి డెమోకి డబ్బుల కోసం తిరుగుతున్నాడు.

"సచ్చినోడికి డబ్బులెందుకురా?"

"అది ఫ్లాష్‌బ్యాకమ్మా. ఈ కథ ఎత్తుకోవడమే హీరో చావుబతుకుల్లో ఉండగా ఎత్తుకుంటారు."

అది నిజమే, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ తర్వాత ఏది ఎలా వచ్చినా వాడి దగ్గర సమాధానం ఉంది. ద్రోహం చేసిన స్నేహితుడు ఇంకో రెండు పాటలయ్యాక ప్రేమగా పలకరిస్తే, కాలాన్ని ముక్కలు చేసి చూపించడం బావా, ఎవడికీ రాదిలాగ, అని నా వైపు చూశాడు. నేను తలూపాను. తొక్క చెక్కుతున్న మనిషి ఇంకేం చేస్తాడు. అత్తగారు మాత్రం వదల్లేదు. "ముందు సంపీసి తరవాత సాయం సేస్తాడేటిరా ఈడు?" అని కత్తి ఆపి మరీ అడిగారు.

ఈలోగా ఓ ప్రకటన. తెలుగులో ఒకమ్మాయి సబ్బు గురించి గడగడా చెప్పింది. "ఈ పిల్లెవర్తి, హీరోయినా?" మావాడు అనువదించక్కర్లేకుండా ఆవిడకి అర్థమైన పాత్ర అదొక్కటే. మళ్ళీ అదే పిల్ల వచ్చినప్పుడు "అదిగో, వచ్చింది" అని సర్దుకుని కూర్చున్నారు కూడా.

పొట్టు సగం అయ్యేసరికి తారిక్ రెండోసారి చావుకి దగ్గరయ్యాడు. అప్పుడు మా ఆవిడ ఆవాల డబ్బా కోసం వచ్చి, గిన్నెలోకి తొంగి చూసి, "ఒరేయ్, షఫుల్ ఆన్‌లో ఉందిరా" అంది. అప్పట్లో డబ్బులు కట్టనివాళ్ళకి ఆ యాప్ ఆల్బమ్‌ని వరసలో వినిపించేది కాదు, దానికి తోచినట్టు కలిపేసేది. 30కి పైగా ట్రాకులున్న కథని ఇంతసేపూ పేకముక్కల్లా కలిపి పంచిందన్నమాట. మావాడు ఆపుదామని లేచాడు గానీ ఆ జిగురు చేతుల్తో ఏం ముట్టుకుంటాడు. కిరసనాయిలు పెట్టి వేళ్ళు తుడుచుకుంటుంటే గిన్నెలో ఇంకో రెండు పాటలు అయిపోయాయి.

పంతం పట్టి వాడు ప్లాను కట్టుకున్నాడు. తర్వాతి ఆదివారం వాడి ఫోను, వాడి ఖర్చు, షఫుల్ లేదని రెండుసార్లు చూసి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మొదటి నుంచి పెట్టాడు. పెట్టీ పెట్టగానే హీరో మూలుగుతున్నాడు.

"మళ్ళీ కలిపీసినావేట్రా?"

"లేదమ్మా, అసలు మొదలే ఇది."

ఆవిడ నమ్మలేదు. అయినా ఓపిగ్గా పాట తర్వాత పాట వింటూ, వీడు చెప్పే తెలుగుకి ఊ కొడుతూ, మధ్యమధ్యలో గుమ్మం వైపు చూస్తూ కూర్చుని కూర్చుని, ఇక ఉండబట్టలేక అడిగారు.

"ఒరే, ఆ సబ్బుల పిల్ల ఈసారి రాలేదేటిరా?"