ముందు ప్రశ్న తేలాలి, టూల్ సంగతి తర్వాత

"నెట్ స్లోగా ఉంది." కాలేజీలోనో ఆసుపత్రిలోనో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసేవాళ్లు రోజూ వినే మాట ఇది. పదిసార్లు విన్నాక ఎవరో ఒకరు "మానిటరింగ్ టూల్ ఏదైనా పెట్టండి, ఓపెన్ సోర్స్‌లో ఊరికే దొరుకుతాయిగా" అంటారు. ఇక వెతుకులాట మొదలు. ఏ టూల్ గ్రాఫులు కంటికి బాగుంటే దాన్ని ఇన్‌స్టాల్ చేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పేజీ తెరిచి చూసేవాళ్లు ఉండరు. తప్పు టూల్‌ది కాదు. దాన్ని ఏం అడగాలో ముందుగా అనుకోకపోవడం వల్లే ఇలా అవుతుంది.

అడగాల్సినవి మూడే. లైన్ ఎంత నిండింది? ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఆ మాటల్లో ఏముంది? మొదటి ప్రశ్నకు స్విచ్‌లు, రౌటర్లను అడిగి వివరాలు తెలుసుకునే ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి ద్వారా లెక్కలు తీసుకునే లిబ్రెఎన్ఎంఎస్, జాబిక్స్ లాంటివి చాలు. రెండోదానికి, ఎవరి నుంచి ఎవరికి ఎంత డేటా వెళ్లిందో రౌటర్ రాసిపెట్టే నెట్‌ఫ్లో రికార్డులు చదివే ఎన్‌ఎఫ్‌డంప్ ఉంది. ప్యాకెట్ (నెట్‌లో డేటా ప్రయాణించే చిన్న ముక్క) విప్పి చూడాలంటే టీసీపీడంప్, వైర్‌షార్క్. అనుమానాస్పద కదలికలు పట్టాలంటే జీక్, సురికాటా.

నా అనుభవంలో ఎక్కువ సంస్థలకు రెండో ప్రశ్న దగ్గరే జవాబు దొరుకుతుంది. ఒక కాలేజీలో పొద్దున పదిన్నర అయ్యేసరికి నెట్ కుంటుపడేది. విద్యార్థులు వీడియోలు చూస్తున్నారని అందరి నమ్మకం. హాస్టల్ వైఫై కట్టేసినా లాభం లేకపోయింది. చివరికి ఫ్లో రికార్డులను బైట్ల వరుసలో పేర్చి చూస్తే పైన ఒకే అడ్రస్ కనిపించింది. సీసీటీవీ రికార్డర్! ముందురోజు ఫుటేజీనంతా సరిగ్గా ఆ వేళకే బయటి సర్వర్‌కు పంపుతోంది. టైమింగ్ రాత్రి రెండు గంటలకు మారిస్తే సమస్య తీరిపోయింది. అన్ని రోజులు పిల్లలు ఉత్తపుణ్యానికి మాటలు పడ్డారు.

టూల్ పెట్టగానే అది చూపించేదంతా నిజమని నమ్మకూడదు కూడా. ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టే పాత ఎస్ఎన్ఎంపీ కౌంటర్ 32 బిట్లది. దాదాపు 4.3 జీబీ దాటగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఒక గిగాబిట్ లైన్ పూర్తిగా నిండితే 34 సెకన్లకోసారి ఇలా జరుగుతుంది. మనం ఐదు నిమిషాలకోసారి చదువుతూ ఉంటే మధ్యలో అది ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. లైన్ కిక్కిరిసి ఉన్నా గ్రాఫ్ ప్రశాంతంగా కనిపిస్తుంది. 64 బిట్ల కౌంటర్‌ను చదువుతోందో లేదో మొదటిరోజే చూసుకోవాలి.

ప్యాకెట్లన్నీ దాచిపెడదాం అనేవాళ్లూ ఉంటారు. అదే లైన్ రోజంతా నిండుగా నడిస్తే దాచాల్సింది 10.8 టెరాబైట్లు. అంత దాచినా ఇప్పుడు ఎక్కువ ట్రాఫిక్ ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే తాళం వేసినట్టే, వస్తుంది కాబట్టి లోపలి విషయం చదవలేం. ఎన్‌క్రిప్ట్ కానిది ఏదైనా ఉంటే, దాన్ని చదవడం ఒకరి సొంత ఉత్తరం విప్పి చదివినట్టే. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను (సిస్టమ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టాలను) 180 రోజులు ఉంచాలని ఉంది. దాన్ని చూపించి మొత్తం ప్యాకెట్లు దాచడం మొదలుపెట్టకండి. లాగ్ వేరు, ప్యాకెట్ వేరు.

లైసెన్స్ విషయంలో మాత్రం కాస్త ఓపిక పట్టి చదవాలి. ట్రాఫిక్‌ను వెబ్ పేజీలో చూపించే ఎన్‌టాప్‌ఎన్‌జీ అనే టూల్ కమ్యూనిటీ ఎడిషన్ ఓపెన్ సోర్సే. కానీ నెట్‌ఫ్లో అందుకుని దానికి చేరవేసే ఎన్‌ప్రోబ్ వాణిజ్య ఉత్పత్తి. సగం పని అయ్యాక ఈ సంగతి తెలిస్తే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. ఇక నిజమైన ఓపెన్ లైసెన్స్ ఎంత రక్షణో చెప్పాలంటే వైర్‌షార్క్ కథే చాలు. జెరాల్డ్ కోంబ్స్ 1998లో దాన్ని ఎథీరియల్ పేరుతో విడుదల చేశారు. 2006లో ఆయన ఉద్యోగం మారారు, ఆ పేరుపై హక్కు ఆయన వెంట రాలేదు. కోడ్ మాత్రం అందరిదీ. అందుకే కొత్త పేరుతో పని ఆగకుండా సాగింది. ఫీచర్ల పట్టిక కన్నా నేను ముందు చూసేది ఈ లైసెన్సే.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు పక్కన పడేసిన డెస్క్‌టాప్ ఒకటి తీసి, దాని మీద లిబ్రెఎన్ఎంఎస్ ఎక్కించి, ఒక్క నెల నడిపి చూడండి. పాస్‌వర్డ్, సెటప్ వివరాలు ఇద్దరికి తెలిసి ఉండాలి. ఆ నెలలో లైన్ ఏ వేళకు నిండుతోందో తెలుస్తుంది. నింపుతున్నది ఎవరో తెలుసుకోవాల్సి వస్తే, అప్పుడు రౌటర్‌లో నెట్‌ఫ్లో ఆన్ చేయండి.