సవరణ: జస్టిస్ లీగ్ ఇల్లు ఎక్కడ?

డీసీ కామిక్స్‌లోని సూపర్‌హీరోల బృందం జస్టిస్ లీగ్ స్థావరాల గురించి క్రితం వారం రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది కొంచెం సిగ్గుపడాల్సినదే. లీగ్ స్థావర భవనమైన హాల్ ఆఫ్ జస్టిస్ కామిక్స్‌లో పుట్టి టీవీకి వెళ్లిందని రాశాను. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. 1973లో హన్నా-బార్బెరా వారు తీసిన ‘సూపర్ ఫ్రెండ్స్’ కార్టూన్ కోసం దాన్ని గీశారు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో 1933లో తెరిచిన యూనియన్ టెర్మినల్ అనే రైల్వే స్టేషన్ దానికి నమూనా. ఆ స్టేషన్ ముందరి భారీ అర్ధవృత్తాకారపు ముఖద్వారం ఫోటో ఒక్కసారి చూస్తే ఇక అనుమానం ఉండదు. కామిక్స్ కథలో వాషింగ్టన్‌లో ఆ భవనం వెలిసింది 2007లో. అంటే మూడు దశాబ్దాలు దాటాక!

రెండోది లీగ్ మరో స్థావరం, వాచ్‌టవర్. కామిక్స్, కార్టూన్లు, గేమ్‌లు అన్నింటిలోనూ అది చంద్రుడి మీదే ఉంటుందని రాసేశాను. 1990లలో గ్రాంట్ మోరిసన్ రాసిన ‘జేఎల్‌ఏ’ (జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా) కామిక్స్ వరకే ఆ మాట నిజం. 2001లో మొదలైన యానిమేషన్ సీరియల్‌లో అది భూమి చుట్టూ తిరిగే కేంద్రం. 2011 నాటి ‘డీసీ యూనివర్స్ ఆన్‌లైన్’ గేమ్‌లోనూ కక్ష్యలోనే ఉంటుంది. అంతకుముందు, 1970లో, కామిక్స్‌లోనే 22,300 మైళ్ల ఎత్తున వేరే ఉపగ్రహ స్థావరం ఉండేది. దానికి వాచ్‌టవర్ అన్న పేరు లేదు. రెండింటినీ నేనే కలగలిపాను.

లీగ్ ఇంకో స్థావరం, రోడ్ ఐలండ్‌లోని హ్యాపీ హార్బర్ గుహ గురించి రాసినదాంట్లో మార్పేమీ లేదు.