ఉద్యోగ ప్రకటన చూసి సిలబస్ రాస్తే ఎలా?

టెక్నాలజీ పట్టభద్రులకు డిగ్రీ ఉంటుంది గానీ పని రాదన్నది కంపెనీల పాత ఫిర్యాదు. విశ్వవిద్యాలయాల సమాధానమూ పాతదే: మార్కెట్లో ఏ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ ఉంటే దాని పేరుతో ఒక సబ్జెక్టు చేర్చడం. ఈ పరుగులో గెలిచేది లేదు. 2022 సెప్టెంబరులో మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థికి చాట్‌జీపీటీ పేరే తెలియదు. అది విడుదలైంది ఆ నవంబరులో. నాలుగేళ్ల డిగ్రీ పూర్తయ్యేలోగా కంపెనీల కోరికల జాబితా తిరగరాసినట్టయింది. (ఆ జాబితా రాసేది తరచూ కోడ్ ముట్టుకోని నియామక విభాగమే అనుకోండి, అది వేరే సంగతి.) ఒకప్పుడు వెబ్‌పేజీల్లో యానిమేషన్లు, ఆటలు నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ వస్తే వెబ్ రంగంలో ఢోకా లేదనేవారు. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మద్దతు ఆపేసింది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా (సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడిపడ్డ పట్టికలుగా అమర్చే పద్ధతి) మాత్రం నేటికీ లెక్కలేనన్ని డేటాబేసులకు పునాది. సిద్ధాంతం దండగ అనేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అలాగని ఫిర్యాదులో నిజం లేకపోలేదు. తరగతిలో విద్యార్థి ఖాళీ ఫైలుతో మొదలుపెడతాడు, ఒంటరిగా రాస్తాడు, మార్కులు పడగానే వదిలేస్తాడు. ఉద్యోగంలో చేరగానే ఎవరో ఎప్పుడో రాసిన వేల లైన్ల కోడ్ ఎదురవుతుంది. దాన్ని చదవాలి, ఎక్కడ ముట్టుకుంటే ఏది కూలుతుందో ఊహించాలి, కోడ్ సరిగా నడుస్తోందో లేదో తేల్చే టెస్టులు రాయాలి, ఎందుకు మార్చాడో తోటివారికి అర్థమయ్యేలా నాలుగు ముక్కల్లో చెప్పాలి. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసే గిట్ అనే సాధనం 2005లోనే వచ్చింది; దాన్ని కూడా 'అది మీరే నేర్చుకోండి' అని వదిలేసే కోర్సులు ఇంకా ఉన్నాయి. ఎంఐటీ విద్యార్థుల కోసం సైతం 2020లో షెల్ (ఆదేశాలు టైప్ చేసి కంప్యూటర్‌ను నడపడం), గిట్, డీబగ్గింగ్ (కోడ్‌లో తప్పులు వెతికి దిద్దడం) మీద విడిగా పాఠాలు పెట్టాల్సి వచ్చింది. ఈ లోటు కొత్త సబ్జెక్టుతో తీరదు, పనిలో దిగితేనే తీరుతుంది.

దానికి దారి ఎప్పుడో పడింది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ 1906లోనే ఇంజినీరింగ్ విద్యార్థులను తరగతికీ కర్మాగారానికీ మార్చి మార్చి పంపారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఈ పద్ధతితోనే మొదలైంది. అక్కడ ఒక విడత చదువు, మరో విడత జీతంతో పని. నెలల తరబడి నిజమైన సిస్టమ్‌తో కుస్తీ పట్టి వచ్చిన విద్యార్థి ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. అధ్యాపకుడికీ అది తప్పించుకోలేని పరీక్షే.

అసలు చిక్కు ఖర్చు దగ్గర వస్తుంది. శిక్షణ బరువు విశ్వవిద్యాలయం మీదికి నెట్టి, తయారైన మనిషి చేతికి రావాలనుకోవడం కంపెనీలకు లాభసాటి బేరం. బ్రిటన్ 2017 ఏప్రిల్ నుంచి, ఏటా 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే సంస్థల నుంచి ఆ జీతాల మొత్తం మీద 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీగా, అంటే పనిలో పెట్టి నేర్పే శిక్షణ ఖర్చుకోసం పన్నుగా, వసూలు చేస్తోంది. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివే డిగ్రీ అప్రెంటిస్‌లకు జీతం వస్తుంది, ఫీజు కట్టనక్కర్లేదు. ఈ పథకానికి లోపాలున్నాయి, కానీ బిల్లు ఎవరి పేరున రావాలో అది సరిగానే గుర్తించింది.

సిలబస్ కమిటీలో కుర్చీ అడిగే కంపెనీని ముందు ఒక మాట అడగాలి: ఈ ఏడాది జీతమిచ్చి ఎంతమంది విద్యార్థులను పనిలో పెట్టుకుంటారు? ఆ కుర్చీలో కూర్చోవడానికి కూడా మానవ వనరుల అధికారి బదులు, రోజూ కొత్తవారి కోడ్ దిద్దే ఇంజినీరును పంపితే మేలు.