అద్దె ఇంటికి మరో అద్దె

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ అపార్టుమెంటుకు వెళ్లినా ఇలాంటి ఫ్లాటు ఒకటి కనిపిస్తుంది. ఒప్పందం మీద సంతకం ఒకరిది, ఇంట్లో ఉంటున్నది నలుగురు. సంతకం పెట్టిన ఉద్యోగి బెంగళూరుకు బదిలీ అయి వెళ్లిపోయినా అద్దె మాత్రం ఐదో తేదీలోగా యజమాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. డబ్బు ఎవరి ఫోను నుంచి వస్తోందో ఆయన అడగడు. నెలలు గడిచాక నీటి బిల్లు దగ్గరో పార్కింగ్ దగ్గరో తగాదా వచ్చినప్పుడు మాత్రం, ‘నా అనుమతి లేకుండా నా ఇంట్లో ఎవరిని పెట్టావు’ అన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు చాలామంది యజమానులు అనుకునేది కాదు. 1960 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంలోని పదో సెక్షన్ ప్రకారం, యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని మొత్తంగా గానీ కొంత భాగం గానీ మరొకరికి అద్దెకిస్తే అసలు అద్దెదారును ఖాళీ చేయించవచ్చు. ఒప్పందమే ఆ హక్కు ఇచ్చి ఉంటే వేరే సంగతి. ఈ నిషేధం ఎప్పటి నుంచి వర్తిస్తుందో కూడా ఆ సెక్షన్ చెబుతుంది: ఆంధ్ర ప్రాంతంలో 1945 అక్టోబరు 23 నుంచి, తెలంగాణలో 1353 ఫసలీ (నిజాం పాలనలో వాడిన సంవత్సర లెక్క; సుమారు 1943-44) నాటి హైదరాబాద్ ఇంటి అద్దె నియంత్రణ ఉత్తర్వు నుంచి. అంటే ఈ జాగ్రత్తకు నిజాం కాలం నాటి వయసుంది.

చిక్కంతా ఆ చట్టం ఎవరికి వర్తిస్తుందన్న దగ్గరే. 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 మించిన అద్దె ఇళ్లు దాని పరిధి దాటిపోయాయి. ఆ డబ్బుకు నేడు హైదరాబాద్‌లో ఒక గది దొరకడమే గగనం. కాబట్టి నగరంలోని అద్దె ఇళ్లలో అత్యధికం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఒప్పందంలో నిషేధం లేకపోతే, స్థానిక ఆచారం అడ్డురాకపోతే, అద్దెదారు తన హక్కును మరొకరికి ఉపకౌలుకు, అంటే మళ్లీ అద్దెకు, ఇవ్వవచ్చునని 108వ సెక్షన్ చెబుతోంది. అద్దె బాధ్యత మాత్రం అతని మెడ మీదే ఉంటుంది. నోటిమాట మీద తాళం చేతికిచ్చిన యజమాని, తన మౌనమే అనుమతి కావచ్చునని కోర్టు గుమ్మం ఎక్కాక గాని తెలుసుకోడు.

రాతకోతలున్న చోట పరిస్థితి కొంత నయం. స్టాంపు కాగితాల దుకాణంలో దొరికే పదకొండు నెలల ఒప్పందంలో ‘ఇతరులకు అద్దెకు ఇవ్వరాదు’ అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. ఏడాదిలోపు అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతోనే ఆ పదకొండు నెలలు. ఇక ఆ వాక్యాన్ని చదివి సంతకం చేసేవారెందరు?

ఊరి నుంచి వచ్చిన తమ్ముడిని తోడుంచుకోవడం ఉపకౌలు కాదు. ఇంటిని పూర్తిగా మరొకరి స్వాధీనంలో పెట్టి, దానికి ప్రతిఫలం పుచ్చుకున్నప్పుడే అది ఉపకౌలు అని న్యాయస్థానాలు పదే పదే చెప్పాయి. ఈ తేడా తెలియక కొందరు యజమానులు ఇంటికి చుట్టం వచ్చినా నేరంలా చూస్తారు.

అలాగని యజమానుల భయాలన్నీ వట్టివి కావు. కుటుంబం పేరుతో ఫ్లాటు తీసుకుని, హాల్లో కూడా మంచాలు వేసి, తలకింత అని వసూలు చేసే వ్యాపారం సాగుతోంది. లాభం ఒకరిది, పోలీసులకు జవాబు చెప్పాల్సింది ఇంకొకరు. కానీ దొంగచాటు ఉపకౌలుకు యజమానుల వైఖరి కూడా కారణమే. ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న బోర్డు వేలాడుతున్నంత కాలం పెళ్లికాని యువత మరొకరి పేరు చాటునే ఇల్లు వెతుక్కుంటుంది. ఆరు నెలలు ఖాళీ చేయరాదన్న షరతుకు ఒప్పుకున్న మనిషికి మూడో నెలలోనే విదేశీ పోస్టింగ్ వస్తే, తన బదులు మరొకరిని తెస్తానన్నా ససేమిరా అని, అడ్వాన్సు మినహాయించుకునే పద్ధతిని ఏ న్యాయంతో సమర్థించాలి?

ఈ ఇద్దరి మధ్య నలిగేది మూడో మనిషి. ఆ ఇంట్లో పడుకుని, వండుకుని, అద్దె కడుతున్న ఆ ఉప అద్దెదారుకు రసీదు లేదు, ఒప్పందం లేదు. అతను ఇచ్చిన అడ్వాన్సు అసలు అద్దెదారు జేబులో ఉంది. అసలు అద్దెదారుపై ఖాళీ చేయాలన్న తీర్పు వస్తే ఇతనూ సామాను సర్దుకోవాల్సిందే.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీనికి ఒక దారి చూపింది. అసలు ఒప్పందానికి అనుబంధ ఒప్పందం రాసుకుంటే తప్ప ఉపకౌలు చెల్లదని, రాసుకున్న రెండు నెలల్లోగా యజమాని, అద్దెదారు కలిసి అద్దె ప్రాధికార సంస్థకు (రెంట్ అథారిటీ) తెలియజేయాలని అది చెబుతోంది. ఇళ్ల అద్దెపై చట్టం చేసుకోవాల్సింది రాష్ట్రాలే కనుక అది సలహా మాత్రమే. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణ అరవై ఏళ్లు దాటిన చట్టాన్నే పట్టుకుని వేలాడుతోంది.

నమూనా చట్టాన్ని మక్కికి మక్కి దించుకున్నా సరిపోదు. అనుమతి నిరాకరించే యజమాని కారణం చెప్పాలన్న నిబంధన అందులో లేదు. రాసి అడిగిన అద్దెదారుకు పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు రావాలి, నిరాకరణకు కారణం ఉండాలి. పెళ్లికాకపోవడం, కులం, మతం, తినే తిండి ఆ కారణాల్లో చేరకూడదు. ఉప అద్దెదారు పేరు, అడ్వాన్సు మొత్తం అనుబంధ ఒప్పందంలో ఎక్కాలి. ఆ అడ్వాన్సు ఎవరి దగ్గర ఉందో, ఎవరు తిరిగి ఇవ్వాలో అక్కడే రాసుకోవాలి. ఈ మేరకు ముసాయిదాను తెలంగాణ ప్రభుత్వం వచ్చే శాసనసభ సమావేశాలకు ముందే ప్రజల ముందు పెట్టాలి. అభ్యంతరాలు చెప్పేందుకు ఇళ్ల యజమానులతో పాటు, ఇప్పటివరకు ఎవరూ పిలవని అద్దెదారులనూ పిలవాలి.